బోడగుట్ట దిగని కాపరి

కొత్తకోట పక్క పల్లెకు కోడలై వచ్చిన బాలనర్సమ్మకు మొదటి తంటా ఆకాశంతోనే వచ్చింది. ఆమె అమ్రాబాద్ అడవి అంచున పుట్టిన పిల్ల. అక్కడ కొమ్మల సందున జానెడు ఆకాశం కనబడితే అదే ఎక్కువ. ఇక్కడేమో ఎటు చూసినా గడ్డి, ఆ గడ్డికి అవతల మళ్లీ గడ్డి. వాకిట్లోకి వస్తే లోకమంతా తననే చూస్తున్నట్టు బిడియపడేది.

రెండో తంటా మొగుడు కురుమయ్య. అడవిలో మనిషి చెట్ల చాటుకు పోగానే ఇంట్లోవాళ్లు కూతేస్తారు, పోయినవాడు బదులిస్తాడు. ఆ అలవాటు కొద్దీ, అతడు గొర్రెలను తోలుకుని బయలుదేరగానే ఆమె గొంతెత్తి కూతేసింది. కండ్ల ముందున్న మొగుణ్ని అంత గట్టిగా పిలిచే పెళ్లాన్ని చూసి ఊరంతా నవ్వింది. కురుమయ్య ఒక్కసారి తిరిగి చూసి, నోరు మెదపకుండా నడిచాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బదులొస్తుందేమోనని ఆమె చాలాసేపు వాకిట్లోనే నిలబడేది.

అడవిలో కూతకు బదులు రాలేదంటే పులైనా పట్టి ఉండాలి, కోపమైనా వచ్చి ఉండాలి. ఇక్కడ పులి లేదు. కాబట్టి మొగుడికి తాను నచ్చలేదని తేల్చుకుంది.

ఆషాఢంలో పుట్టింటికి పోవాల్సింది, కానీ రజాకార్ల భయానికి ఎవరూ దారి పట్టలేదు. యూనియన్ సైన్యం వచ్చి దారులు తెరుచుకోగానే తండ్రి చెన్నయ్య వచ్చాడు. ఈసారి పోతే మళ్లీ రాకూడదనుకుంటూ బాలనర్సమ్మ మూట సర్దసాగింది.

బయట చెన్నయ్య, గొర్రెలు ఇంతగా బక్కచిక్కాయేమని వియ్యపురాలు బక్కమ్మను అడిగాడు. ఆమె కడుపులోదంతా వెళ్లగక్కింది.

"ఏం జెప్పాలె అన్నా. వాగు దిక్కు మోకాలెత్తు గడ్డి ఉన్నది. పెండ్లయినప్పటి సంది నా కొడుకు గా బోడగుట్ట దిగడు. ఆడ రాళ్లు తప్ప ఏమున్నది? మన వాకిలి కనబడ్తది, గంతే."

లోపల బాలనర్సమ్మ చేతులు ఆగిపోయాయి. ముందు సిగ్గేసింది, ఆ వెనకే పట్టరాని సంతోషం కలిగింది. తిన్నగా గొర్రెల దొడ్డి దగ్గరికి పోయి, మరి నా కూతకు బదులెందుకియ్యవని మొగుణ్ని నిలదీసింది.

కురుమయ్య చెవులు ఎర్రబడ్డాయి. "బదులిస్తే లోపలికి పోతవు. ఇయ్యకుంటే జరసేపు వాకిట్లనే నిలబడ్తవు."

ఆమె నవ్వాపుకోలేక, దసరాకు ఇద్దరం కలిసే వస్తామని తండ్రికి చెప్పేసింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"ఇయ్యాల గొర్లను వాగు దిక్కు తోలు."

"గాడ నుంచి నువ్వు కనబడవు."

"నేను గూడ వస్తున్న."