సాత్విక తాగని గ్లూకోజు నీళ్ళు

శనివారం కావడంతో ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు. జనక్‌పురిలోని మూడో అంతస్తు ఫ్లాటులో జానకమ్మ పెనం ముందు నిలబడి పెసరట్లు వేస్తోంది. కూతురు సాత్వికకు ఆరో నెల నిండుతోంది. ఉద్యోగం వదిలి పుట్టింటికి తుని రావడం కుదరదని కూతురు అనడంతో తల్లే ఢిల్లీకి వచ్చింది.

"ఇంకోటి వెయ్యనా?"

"చాలమ్మా. రాత్రి తిన్నదే అరగలేదు."

"చాలేంటే? నువ్వు తింటేనే కదా లోపలున్న బిడ్డకి!"

ఎదురుగా కూర్చున్న పృథ్వీరాజ్ నవ్వుతూ అత్తగారికి తన పళ్ళెం చాపాడు. అంతలో అతని ఫోను మోగింది. "హా జీ... అచ్ఛా... ఠీక్ హై" అంటూ విన్నాడు. ఫోను పెట్టేసేసరికి అతని ముఖంలో నవ్వు లేదు.

"షుగర్ టెస్టు చేయించుకున్నావా?"

సాత్విక చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "చెప్పాను కదా. ఆఫీసు నుంచి వెళ్ళి చేయించుకున్నా. నార్మల్ అన్నారు."

"క్లినిక్ వాళ్ళే ఇప్పుడు ఫోన్ చేశారు. రెండుసార్లు రమ్మంటే రెండుసార్లూ వెళ్ళలేదట. ఇవాళైనా తీసుకురమ్మంటున్నారు."

సాత్విక పెసరట్టు ముక్కని పచ్చట్లో అద్దుతూ కూర్చుంది.

"నార్మల్ అని నా ముఖం మీద చెప్పావు. నేను మీ అమ్మకీ, మా అమ్మకీ, అందరికీ చెప్పాను!"

"వెళ్తాలే. సోమవారం."

"సోమవారమా?" పృథ్వీరాజ్ చేతి విసురుకి ఆమె ముందున్న పళ్ళెం ఎగిరి గోడకు కొట్టుకుంది. అల్లం పచ్చడి తెల్లటి గోడ మీద మరకలు మరకలుగా చిందింది. "నా బిడ్డ విషయంలో అబద్ధం ఆడతావా?"

"నీ బిడ్డా? మోస్తున్నది నేను!"

"మోస్తే సరిపోతుందా? పద. ఇప్పుడే పద!"

అతను ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. గాజులు చిట్లాయి. ఒక ముక్క చర్మంలో దిగి రక్తం వచ్చింది. జానకమ్మ "బాబూ, వదలండి బాబూ, వట్టి మనిషి కాదు" అని పెనం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అతను వదల్లేదు. సాత్విక వంగి అతని చేతిని పళ్ళు దిగేలా కొరికింది. అతను కేకపెట్టి వదిలేయగానే బల్ల మీదున్న స్టీలు చెంబు అందుకుని గురి చూడకుండా విసిరేసింది.

చెంబు అతనికి తగల్లేదు. జానకమ్మ కనుబొమ్మ పైన తగిలింది.

ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. రక్తం కంటి పక్కనుంచి చెంప మీదికి, చెంప మీదనుంచి చీర మీదికి జారింది. తను చేసిన పనికి సాత్విక కొయ్యబారిపోయింది. పృథ్వీరాజ్ మాత్రం ఆగలేదు. "కన్నతల్లినే కొడతావా!" అంటూ చెయ్యెత్తాడు.

"చెయ్యి దించు!"

జానకమ్మ గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అల్లుణ్ణి ఏనాడూ 'మీరు' తప్ప అనని మనిషి రక్తం కారుతున్న ముఖంతో ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. "దించమన్నానా! నా కూతురి మీద చెయ్యి పడిందా, ఈ క్షణమే తీసుకుపోతాను."

ఎత్తిన చేతిని అతను తనదే కానట్టు చూసుకున్నాడు. మెల్లగా దించాడు. మాడిపోయిన పెసరట్టు పొగ ఇల్లంతా కమ్ముకుంది. ఎవరో తలుపు బాదారు. "బేటా, సబ్ ఠీక్ హై నా?" అంతా బాగానే ఉందా అని కింది ఫ్లాటు ఆంటీ అడుగుతోంది.

జానకమ్మ గోడవారగా కిందికి జారి కూర్చుంది. సాత్విక ఆవిడ పక్కనే కూలబడింది. తల్లి చీర కొంగు లాగి ఆవిడ నుదుటికి అదిమి పట్టింది. "అమ్మా... అమ్మా... చూసుకోలేదమ్మా."

"నాదేముందే, చిన్న దెబ్బ. నువ్వెందుకు వెళ్ళలేదు? సూదంటే భయమా?"

"సూదంటే కాదు."

"మరి?"

"షుగరుందని తేలితే నువ్వు నన్నూ అలాగే అంటావని."

జానకమ్మకు అర్థం కాలేదు. "ఎలాగే?"

"నాన్నని అన్నట్టు." సాత్విక కొంగును ఇంకా గట్టిగా అదిమింది. "షుగరుతో ఆయన కాలు తీసేశాక రోజూ భోజనం దగ్గర ఏమనేదానివి? 'తిను, కాలు పోయింది చాల్లేదు, ప్రాణం కూడా పోనీ' అనేదానివి. ఒకసారి ఆయన చేతిలో జిలేబీ ముక్క చూసి గరిటెతో కొట్టావు. వాతలు తేలాయి. నేను తలుపు వెనకాలే ఉన్నానమ్మా. నాన్న ఏమన్నాడో తెలుసా? 'తప్పయిపోయింది జానకీ' అన్నాడు. నేను అప్పటినుంచీ షుగరంటే జబ్బు అనుకోలేదు. నేరం అనుకున్నా. ఇప్పుడు నా బిడ్డ పట్ల నేనే ఆ నేరం చేశానని తేలితే... నాకు చచ్చేంత భయమేసింది."

జానకమ్మ కూతురి చేతిలోంచి కొంగు తీసుకుని తనే అదిమి పట్టుకుంది. పృథ్వీరాజ్ పక్కకు తిరిగి, గోడ మీది పచ్చడి మరకల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడే లేచింది.

"పదండి. నాకు కుట్లు పడేలా ఉన్నాయి. దాని పరీక్షా అక్కడే అయిపోతుంది."

క్లినిక్‌లో జానకమ్మ నుదుటికి కుట్లు వేశారు. ఎలా తగిలిందని అడిగితే "చెంబు తగిలింది" అంది, అంతకు మించి చెప్పలేదు. సాత్విక షుగరు పరీక్ష కోసం ఇచ్చిన గ్లూకోజు నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది. వాంతి చేసుకుంటే మళ్ళీ మొదటికొస్తుందని నర్సు చెప్పడంతో పళ్ళు బిగబట్టి కూర్చుంది. తిని వచ్చినా ఈ పరీక్షకు ఫరవాలేదట, రక్తం తీయడానికి మాత్రం రెండు గంటలు ఆగాలి.

పృథ్వీరాజ్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. అతని చేతి మీద పంటిగాట్లు నల్లగా కమిలాయి.

"సాత్వికా, నేను చెయ్యెత్తాను."

"ఎత్తావు. అమ్మ అడ్డం రాకపోతే కొట్టేవాడివి."

"కొట్టేవాణ్ణి. బిడ్డకేమైనా అవుతుందేమోనని భయంతో... కాదు, భయమని చెప్పి తప్పించుకోను. నా తప్పే."

"నేనూ కొరికాను, చెంబు విసిరాను. దానికి నేను బాధ పడతాను. కానీ నువ్వు నన్ను ఈడ్చావు పృథ్వీ. ఇంకోసారి అలా జరిగితే అమ్మ తీసుకెళ్ళక్కర్లేదు, నేనే వెళ్ళిపోతా."

"జరగదు."

"మాటతో కాదు. చూస్తాను."

అతను తల ఊపి, ఒక కుర్చీ వదిలి అవతల కూర్చున్నాడు. ఆమె అతణ్ణి పొమ్మనలేదు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. డాక్టర్ ఇషిత కాగితం చూసి, ఉండాల్సిన దానికన్నా షుగరు ఎక్కువగానే ఉందని చెప్పింది. గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల కొందరికి ఇలా అవుతుందనీ, ఆహారం మార్చుకుని నడిస్తే చాలామందికి సరిపోతుందనీ, చాలకపోతే ఇన్సులిన్ ఇస్తామనీ ఓపిగ్గా వివరించింది. ఇప్పుడే తెలియడం మంచిదంది. సాత్వికకు సగమే వినబడింది.

బయటికి వచ్చాక ఆమె తల దించుకుని నిలబడింది. జానకమ్మకు చనిపోయిన భర్త గుర్తొచ్చాడు. భోజనాల దగ్గర శేషగిరి సరిగ్గా ఇలాగే తల దించుకునేవాడు. అది చూసి ఆవిడ ఇంకా రెచ్చిపోయేది. ఆయన పోతాడన్న భయం ఆవిడ నోట్లో ఎప్పుడూ తిట్టుగానే బయటికొచ్చింది.

ఆవిడ కూతురి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"తల దించకు. నువ్వేం తప్పు చెయ్యలేదు. వింటున్నావా? జబ్బు వచ్చింది, అంతే. నీ తప్పు లేదు."

సాత్విక కళ్ళ నిండా నీళ్ళతో తల్లిని చూసింది.

"నాన్నది కూడా లేదమ్మా."

జానకమ్మ ఆ కళ్ళలోకి చూసింది. కుట్లు వేసిన నుదురు ముడుచుకుంది.

"లేదే తల్లీ" అంది చివరికి. "ఆయనదీ లేదు. ఆ ఒక్క మాట చెప్పకుండానే పంపించేశానే."

వచ్చేపోయే జనం మధ్య, ఆ వరండాలో, ఆవిడ భర్త కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. సాత్విక తల్లిని రెండు చేతులతో చుట్టేసింది. ఇద్దరి మధ్యా బిడ్డ ఒక్కసారి బలంగా తన్నింది.