గాజుగోళంలో పిడుగు

"మా నాన్నని ఎవరో చంపాలని చూశారండీ!" అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోనే కూలబడింది. చేతికి కట్టు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

డిటెక్టివ్ కుర్చీ జరిపాడు. అసిస్టెంటుగా పనిచేసే బావమరిది మంచినీళ్ళందించాడు.

ఆమె తండ్రి ప్రొఫెసర్. భూమి పుట్టిన కొత్తల్లో ప్రాణానికి ముడిసరుకు ఎలా తయారైందో తేల్చాలని తమ్ముడితో కలిసి ప్రయోగం చేస్తున్నాడు. గాజుగోళంలో గాలి తీసేసి హైడ్రోజన్, మీథేన్, అమ్మోనియా నింపుతారు. నీళ్ళు మరిగిస్తూ, మెరుపులకి బదులు కరెంటు రవ్వలు పుట్టిస్తారు. గోళం నింపడం ప్రొఫెసర్ పని, పొద్దున స్విచ్ వేయడం తమ్ముడి పని.

"నిన్న బాబాయి ఆలస్యమయ్యాడని నేనే స్విచ్ మీద చెయ్యి వేశాను. నాన్న 'ముట్టుకోకు!' అని అరుస్తూ పరుగున వచ్చి నన్ను లాగేశారు. అప్పటికే స్విచ్ పడింది. గాజుముక్కలన్నీ నాన్న మొహం మీదే..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "గోళం బీటవారి గాలి దూరి, అందులోని ఆక్సిజన్ వల్ల రవ్వకి పేలిందంటున్నారు. కానీ నాన్నా బాబాయీ ఈమధ్య మాట్లాడుకోవడం లేదండీ."

ల్యాబ్‌లో అమ్మోనియా ఘాటుకి బావమరిది కళ్ళు మండిపోయాయి. "పేలకముందు ఈ వాసన వచ్చిందా?" అడిగాడు డిటెక్టివ్.

"లేదండీ," అంది అమ్మాయి.

మూల, గాజు కరిగించే మంటకి వాడే ఆక్సిజన్ సిలిండర్ ఉంది. "గోళం కుళాయిలు ఎవరెవరు తిప్పుతారు?"

"అన్నయ్యే. నన్ను కూడా ముట్టనివ్వడు," అన్నాడు అక్కడే ఉన్న ప్రొఫెసర్ తమ్ముడు.

ఆ సాయంత్రం డిటెక్టివ్ అందర్నీ ఆస్పత్రి గదిలో కూర్చోబెట్టాడు. తమ్ముడు అన్నకి చెంచాతో పాలు పడుతున్నాడు.

"గోళం బీటవారి ఉంటే అమ్మోనియా ముందే గదంతా కమ్మేసేది. వాసనే రాలేదు. అంటే గోళం బాగానే ఉంది, ఆక్సిజన్ గోళం కుళాయి గుండానే లోపలికెళ్ళింది. రవ్వ పడితే పేలుతుందని పేలకముందే తెలిసినవాడు ఒక్కడే. 'ముట్టుకోకు' అని అరిచినవాడు."

బావమరిది కుర్చీలోంచి లేచాడు. "అదేంటి బావా! దెబ్బ తగిలింది ఆయనకే కదా!"

"స్విచ్ వేయాల్సింది తమ్ముడు. వేసింది కూతురు."

కట్ల మధ్య నుంచి ప్రొఫెసర్ గొంతు వినిపించింది. "ఏళ్ళ తరబడి కష్టం నాది. పేరు మాత్రం వాడికొచ్చింది. కానీ తల్లీ, నువ్వు వస్తావనుకోలేదు..."

తమ్ముడి చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. "ఒక్కమాట అడిగుంటే తప్పుకునేవాణ్ణి కదా అన్నయ్యా," అన్నాడు.

కూతురు లేచింది. తండ్రి చెయ్యి చాచి గాలిలో తడుముతున్నాడు. ఆమె ఆ చేతిని చూసి, బాబాయి భుజం పట్టుకుని బయటికి నడిపించింది.