ముప్పై ఏడో నంబరు క్యారియరు

పాల్వంచలో థర్మల్ స్టేషను పొద్దుటి సైరను కూసేసరికి సుబ్బరత్నమ్మ ఇంట్లో ఒక వాయి అన్నం వార్చి ఉండేది. ఎనభై మూడు వేసవిలో ఒక ఉదయం కూడా అలాగే వార్చారు. పెరట్లో పప్పు ఉడుకుతోంది. వసారాలో అరవై రెండు క్యారియర్లు మూతలు తెరుచుకుని వరసగా ఉన్నాయి. కొత్త కోడలు హైమ మాత్రం గరిటె పట్టుకోలేదు. గడప పక్కన చాప వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్నిసార్లు నడుస్తున్నారో రాసుకుంటోంది.

"ఏం రాస్తోందిరా మీ ఆవిడ?" అని అడిగింది సుబ్బరత్నమ్మ కొడుకుని.

"మనం చేసే పనంతా రాస్తోందమ్మా. రాసుకోనీ," అన్నాడు వెంకటరామారావు వంకాయల బుట్ట దించుతూ.

థర్మల్ స్టేషను కడుతున్న రోజుల్లో సుబ్బరత్నమ్మ భర్తతో కలిసి కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాక, ఎనిమిదేళ్ల కొడుకును పక్కన పెట్టుకుని, ఒంటరిగా ఉండే ఎనిమిది మంది పనివాళ్లకు వండి పంపడం మొదలుపెట్టింది. ఆ ఎనిమిది అరవై దాటాయి. కానీ వంట తీరు మాత్రం ఎనిమిది మందికి వండిన తీరే. ఎవరి క్యారియరు ఏదో ఆమెకు సొట్టలను బట్టి గుర్తు. ఆమెకు తలనొప్పి వచ్చిన రోజు ఒకరి కూర ఇంకొకరికి చేరేది. క్యారియర్లు చేరవేసే రిక్షా పిచ్చయ్య ఒకే వీధికి మూడుసార్లు తిరిగేవాడు. అన్నం చల్లారిపోయేది. ఈలోగా మెయిన్ రోడ్డు మీద ఇంకో మెస్సు వెలిసింది. రెండు నెలల్లో పదకొండు మంది అటు వెళ్లిపోయారు.

హైమ బీకాం చదివింది. అంతకంటే ముఖ్యం, వైరాలో వాళ్ల నాన్న రైసుమిల్లు గుమాస్తా. "వడ్లు ఒక పక్క పోస్తే బియ్యం ఇంకో పక్క రావాలి, మధ్యలో బస్తా వెనక్కి నడవకూడదు," అని ఆయన చెప్పే మాట వింటూ పెరిగింది. అత్తగారింట్లో బస్తాలన్నీ వెనక్కే నడుస్తున్నట్టు ఆమెకు కనిపించింది.

పదిహేను రోజుల్లో ఇంటి రూపు మారింది. వంటకు ఒకామె కుదిరింది. కూరలు ముందురోజు సాయంత్రమే తరిగి పెట్టారు. అన్నం మూడు వాయిలు చేసి, దూరపు వీధుల వాళ్లకు మొదటి వాయి, దగ్గరి వాళ్లకు చివరిది కట్టారు. ఒక్కొక్కరికి రెండేసి క్యారియర్లు చేసి, రెంటి మీదా ఎర్ర పెయింటుతో ఒకే నంబరు వేశారు. నంబర్ల వరసలోనే పిచ్చయ్య దారి. ఇంటింటికీ పిలిచి మాట్లాడే పని లేదు. తలుపు పక్క మేకుకు నిండు క్యారియరు తగిలించి, నిన్నటిది తీసుకుని రావడమే.

పన్నెండున్నరకల్లా అందరికీ వేడి అన్నం అందింది. వెళ్లిపోయిన పదకొండు మందిలో తొమ్మిది మంది తిరిగొచ్చారు. "నీ కోడలు కంపెనీ నడపాల్సిన మనిషి పిన్నీ," అని ఎవరో అంటే సుబ్బరత్నమ్మ కూడా మురిసిపోయింది.

గిన్నెలు కడిగేచోట చిక్కు వచ్చింది. తిరిగొచ్చిన ప్రతి క్యారియరూ సుబ్బరత్నమ్మ స్వయంగా విప్పి, లోపల చూసి, అప్పుడు పనిమనిషి పుల్లమ్మకు కడగడానికి ఇచ్చేది. దానికి గంటన్నర పట్టేది. హైమ కుళాయి దగ్గర పెద్ద డ్రమ్ము పెట్టించి, క్యారియర్లు రాగానే మిగిలింది డ్రమ్ములో పోసి కడిగేయమని పుల్లమ్మకు చెప్పింది.

"చూడకుండా ఎలా కడుగుతారమ్మా?" అంది సుబ్బరత్నమ్మ.

"చూసి ఏం చేస్తాం అత్తయ్యా? మిగిలింది మిగిలిందే కదా. ఆ గంటన్నరా కుళాయి దొరక్క సాయంత్రం కూరలు తరిగేవాళ్లు ఖాళీగా కూర్చుంటున్నారు. మీరూ నడుం వాల్చుకోవచ్చు."

"నాకు నడుం నొప్పి అని నేను చెప్పానా?"

"నేను మీ కోసమే..."

"నా కోసం అనకు. వంట వంటామెకు ఇచ్చావు, కట్టడం నంబర్లకు ఇచ్చావు, సరే అన్నాను. ఇది కూడా తీసేస్తే నేనిక్కడ ఎందుకు?"

హైమ భర్త వంక చూసింది. అతను తల దించుకుని, "అమ్మా, పని జరుగుతోంది కదా, పోనీలే," అన్నాడు. ఆ మాటే ఎక్కువ తగిలింది. మర్నాడు సుబ్బరత్నమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని, తమ్ముడిని చూసొస్తానని వేంసూరు బస్సెక్కింది. నెల దాటినా రాలేదు.

శ్రావణం వచ్చింది. ముసురు పట్టింది. మెస్సు మాత్రం గడియారంలా నడిచింది. ఒక మధ్యాహ్నం పుల్లమ్మ గిన్నెలు కడుగుతూ, పక్కన నిలబడ్డ హైమతో మామూలుగా అంది.

"ముప్పై ఏడోది నేడు గూడ నిండుగనే వచ్చిందమ్మా. మూడొద్దుల సంది గిట్లనే వస్తున్నది."

"మూడు రోజులా? చెప్పలేదేం పుల్లమ్మా?"

"చూడొద్దన్నరు గదమ్మా. డ్రమ్ముల పోసిన."

హైమకు ముప్పై ఏడు ఎవరో గుర్తు రాలేదు. లోపలికి పరుగెత్తి పుస్తకం తీసి చూసింది. రామ్‌సింగ్. వెనక బజారులో కిరాయి గది. లంబాడీ తండా నుంచి వచ్చి స్టేషన్లో హెల్పరుగా చేరిన కుర్రాడు.

పిచ్చయ్యను పిలిచి అడిగింది. "అవ్ అమ్మా, క్యారియర్ బరువుగనే ఉండె. తీజ్ పండుగకు తండాకు పోయిండనుకున్న. ఇదివరకైతే పిలిచి మాట్లాడేటోన్ని," అన్నాడతను, తప్పు తనదే అన్నట్టు మెడలో తువ్వాలు తీసి చేత్తో నలుపుతూ.

వానలోనే, వెంకటరామారావును కూడా తీసుకుని, ముగ్గురూ వెళ్లారు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలుకు లేదు. వెంకటరామారావు, పిచ్చయ్య కలిసి గడియ ఊడేలా తోశారు. చాప మీద రామ్‌సింగ్ ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. పక్కన కుండలో చుక్క నీళ్లు లేవు. రిక్షాలో క్యారియర్లు పెట్టే చోటనే అతన్ని పడుకోబెట్టి దవాఖానాకు తీసుకుపోయారు. చలిజ్వరం ముదిరిందనీ, ఇంకో పూట ఆగితే తలకెక్కేదనీ డాక్టరు చెప్పాడు. డ్యూటీలో తోటివాళ్లు కూడా పండుగకు వెళ్లాడనే అనుకున్నారట.

రెండో రోజుకు అతను కళ్లు తెరిచాడు. కబురందుకుని తండా నుంచి తల్లి ద్వాలి వచ్చింది. తడిసిన ఓణీ కొంగుతో కొడుకు కాళ్లు తుడుస్తూ, జావ గిన్నెతో వచ్చిన హైమను చూసి అడిగింది.

"అన్నం పంపే అమ్మవు నువ్వేనా బిడ్డా? అన్నం పంపే అమ్మ సొంత అమ్మలెక్కనే చూస్తదని చెప్తుండె నా కొడుకు."

ఆ అమ్మ తను కాదని హైమకు తెలుసు. గిన్నె అక్కడ పెట్టి బయటికొచ్చి, అటునుంచటే బస్టాండుకు నడిచింది.

సత్తుపల్లిలో బస్సు మారి వేంసూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. సుబ్బరత్నమ్మ తమ్ముడి ఇంటి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. హైమ పక్కనే కూలబడి జరిగిందంతా చెప్పింది. ఒక్క మాట కూడా దాచుకోలేదు.

అంతా విని సుబ్బరత్నమ్మ మొదట అడిగింది ఒక్కటే. "తింటున్నాడా?"

"జావ తాగుతున్నాడు."

"వాడికి కారం లేకపోతే ముద్ద దిగదు. పాపం, ఆ చప్పిడి జావ ఎలా తాగుతున్నాడో."

హైమ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాకు పేరు కూడా గుర్తు లేదత్తయ్యా. పుస్తకం చూసి తెలుసుకున్నాను. మిగిలింది చూసి ఏం చేస్తాం అన్నాను మిమ్మల్ని."

సుబ్బరత్నమ్మ చేటలో కాయలు కాసేపు ఊరికే కదిపింది. "నేనేదో తెలివితో చూశాననుకుంటున్నావా? మీ మామయ్య పోయాక, అబ్బాయి బడికి వెళ్తే, నాతో కూర్చుని తినేవాళ్లు లేరు. ఎవరు తిన్నారో, ఎవరు వదిలేశారో చూసుకుంటే, అందరితో కలిసి తిన్నట్టుండేది. అదే అలవాటైంది. పప్పు వదిలేస్తే ఉప్పెక్కువైందని, అన్నం కూడా వదిలేస్తే మనసు బాగాలేదని తెలిసేది. పిచ్చయ్యతో అడిగించేదాన్ని."

"ఆ సంగతి మీరు చెప్పి ఉంటే..."

"నాకే తెలియంది నీకేం చెప్పను?" అని చిన్నగా నవ్వింది. "నీ పద్ధతీ తక్కువది కాదులే. నా సొట్టల లెక్కతో ఎంతమందిని పస్తు పెట్టానో. శనివారం ఉపవాసమున్న మేస్త్రీకి ఒకసారి కోడికూర పంపాను. వారం రోజులు మా ఇంటి ముందు నుంచి పోలేదు ఆయన."

కళ్లు తుడుచుకుంటూనే హైమ నవ్వింది.

"అబ్బాయి పోనీలే అన్నప్పుడు, నన్నే పొమ్మన్నట్టనిపించింది," అంది సుబ్బరత్నమ్మ, ఈసారి నవ్వకుండా.

"ఆయన రోజూ మీ మంచం దులిపి పక్క వేస్తున్నారు అత్తయ్యా. మిమ్మల్ని రమ్మనడానికి భయం. మీరు లేక నాకు నంబర్లే మిగిలాయి. వస్తారా?"

సుబ్బరత్నమ్మ చేటలో కాయలన్నీ మూటగట్టి, "ఇవి రేపటి కూరకు సరిపోవు గాని, ఒక వాయికి వస్తాయి," అని లేచింది.

పాల్వంచ ఇంట్లో నంబర్లు అలాగే ఉన్నాయి. మూడు వాయిలూ, పిచ్చయ్య దారీ అలాగే ఉన్నాయి. నంబరు కింద పేరు కూడా చేరింది. అత్త ఒక్కొక్కరి ఊరూ పేరూ చెబుతుంటే కోడలు రాసింది. మేకుకు తగిలించేముందు పిచ్చయ్య ఒకసారి పేరు పెట్టి పిలవాలి. తిరిగొచ్చిన క్యారియర్లు కుళాయి దగ్గర చెరో పీట మీద కూర్చుని ఇద్దరూ విప్పేవారు. ఇద్దరు చూస్తే ముప్పావు గంటే పట్టింది.

నెల తర్వాత రామ్‌సింగ్ డ్యూటీలో చేరాడు. ఆ మొదటిరోజు క్యారియరు మర్నాడు హైమ చేతికి వచ్చింది. ఒక్కొక్క గిన్నె విప్పింది. అన్నం గిన్నెలో మెతుకు లేదు. పప్పు గిన్నె వేలితో తుడుచుకు తిన్నట్టు మెరుస్తోంది. పచ్చడి గిన్నెలో నూనె చుక్క కూడా మిగల్లేదు. నాలుగో గిన్నె సరిగా కనిపించలేదామెకు. కళ్లు నిండిపోయాయి.

"ఏం వదిలాడే?" అని అడిగింది సుబ్బరత్నమ్మ కంగారుగా.

"ఏమీ వదల్లేదత్తయ్యా," అంది హైమ, ఖాళీ గిన్నెను ఆమె చేతికిస్తూ.