ఫోటోల మధ్య దొరికిన ఫైలు

నగ్మా ఏడుస్తూ రాలేదు, మండిపడుతూ వచ్చింది.

"జక్రయ్య గారి మిరపకాయలు మా కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టాయి సార్. గదికి వేడి పెంచింది అక్కడ కంప్యూటర్ చూసే నేనేనట! గేటు దగ్గర రైతులందరి ముందూ మా ఓనరు అన్నారు. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పగిస్తారట."

డిటెక్టివ్ హయాత్ "పదండి" అని కారు తాళాలు అందుకున్నాడు. కోపమొస్తే ఆయనకి మాటలు తగ్గుతాయని అసిస్టెంట్ యలమందకి తెలుసు. అలాంటి రోజున ఆయన వెంట వెళ్ళడమంటే యలమందకి మహా ఇష్టం.

గుంటూరు శివార్లలో, స్టోరేజీ గేటు బయట జక్రయ్యా మరికొందరు రైతులూ కేకలేస్తున్నారు. లోపల ఏసీ గదిలో ఓనరు అంకమ్మరావుకి ఆయన అల్లుడు లక్ష్మీకాంత్, ఆఫీసు కంప్యూటర్లో తన పాస్‌వర్డ్ కొట్టి ఫోల్డర్ తెరిచి, కొత్త కారు పూజ ఫోటోలు చూపిస్తున్నాడు. యలమందకి ఒళ్ళు మండింది.

గది ఎన్ని డిగ్రీల్లో ఉండాలో తను రాసిపెట్టిన ఫైలు నగ్మా తెరిచింది. అందులో ఆరు డిగ్రీలనే ఉంది. గది మాత్రం పద్దెనిమిదికి చేరింది.

"మీరు కంప్యూటర్ ముట్టుకుంటారా?" అని హయాత్ అల్లుణ్ణి అడిగాడు.

"నాకవేం తెలుసండీ! ఫోటోలు చూసుకోడం వరకే. మొన్నటిదాకా వినుకొండలో మా విత్తనాల గోడౌన్ చూసేవాణ్ణి."

"ఫైల్లో ఆరే ఉందిగా?"

"తర్వాత దిద్దేసి పాత తేదీ పెట్టుంటదండీ. ఒక్క కమాండ్ కొడితే అయిపోద్ది."

హయాత్ కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, తర్వాత అందరినీ దగ్గరికి పిలిచాడు.

"గదిని చల్లబరిచే ఈ వెబ్ ప్రోగ్రామ్‌కి ఏది ఎక్కడ చూడాలో చెప్పే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుంది. డిగ్రీలు ఇంకో ఫైల్లో ఉన్నాయని అందులో ఉత్త పేరే రాశారు. ఏ ఫోల్డరో రాయలేదు. హమాలీకి 'గేటు పక్క గది' అని మాత్రమే చెబితే తనున్న గోడౌన్ గేటు దగ్గరికే పోతాడు. ఈ ప్రోగ్రామూ అంతే. ఏ ఫోల్డర్ నుంచి మొదలుపెడితే అక్కడే వెతుక్కుంటుంది. మొన్న కరెంటు పోయొచ్చాక దీన్ని మొదలుపెట్టింది కారు ఫోటోల ఫోల్డర్ నుంచి. ఆ ఫోటోల మధ్య అదే పేరుతో వినుకొండ గోడౌన్ ఫైలుంది. అందులో పద్దెనిమిది! ఏమీ తెలియనివాడికి తేదీ మార్చే కమాండ్ ఎట్లా తెలిసింది? ఆ ఫోటోల ఫోల్డర్ పాస్‌వర్డ్ ఎవరిది?"

"కరెంటు బిల్లు తగ్గిద్దామని ఆ ఫైలు నేనే పెట్టా మావయ్యా... కాయ ఇట్టా అవుద్దనుకోలా," అని లక్ష్మీకాంత్ నసిగాడు.

"అయ్యాక ఆడపిల్ల మీదకి నెట్టావేంరా?" అని హయాత్ గర్జించాడు.

అంకమ్మరావు హయాత్ చేతులు పట్టుకున్నాడు. "ఇంటి పరువండీ. ఇక్కడితో వదిలేద్దాం. అమ్మాయి ఉద్యోగం అమ్మాయికే ఉంటది."

"ఆ ఉద్యోగం మీరే ఉంచుకోండి," అంది నగ్మా. "నిందేసింది గేటు దగ్గర. నా తప్పు కాదనేదీ అక్కడే అనండి."

హయాత్ తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. వేరే దారి లేక అంకమ్మరావు గేటు దాకా నడిచి, నగ్మా తప్పేం లేదని తలొంచుకుని గొణిగాడు.

"వినపళ్ళా," అన్నాడు జక్రయ్య. "ఆ పిల్లనన్నప్పుడు ఊరంతా వినపడిందిగా. అంత గట్టిగా చెప్పు."