గురక ఆగిన ఇల్లు

"రెండే ఇడ్లీలా? పిల్లలు సుత ఇంతకన్న ఎక్కువ తింటరు. ఏం సూదులో ఏమో, నా కొడుకును ఎండబెడుతున్నయ్!" అంటూ పుష్పమ్మ మిగిలిన ఇడ్లీల గిన్నె ఠక్కున మూసింది.

వేణుమాధవ్ నవ్వి చెయ్యి కడుక్కున్నాడు. వారానికో ఇంజెక్షన్ షురూ చేసినప్పటినుంచి ఆ బోయిగూడ ఇంట్లో రోజూ పొద్దున ఇదే పంచాయితీ. అతని ఒళ్ళు తగ్గుతుంటే భార్య ఊర్మిళ మురిసిపోయేది, తల్లి పుష్పమ్మ ఉడికిపోయేది.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. వేణుమాధవ్ గురక ఆ గల్లీలో పేరుమోసింది. పక్కింటివాళ్ళు తమ చుట్టాలకు ముందే చెప్పి మరీ పడుకోబెట్టేవాళ్ళు. అది ఉత్త గురక కాదని, నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందని, దానివల్ల రాత్రి నిద్ర చాలక పగలు కునుకు పడుతుందని, దాన్ని స్లీప్ ఆప్నియా అంటారని డాక్టరు చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే మిషన్ ఇచ్చాడు. ఆ తర్వాత బరువు తగ్గడానికి ఈ ఇంజెక్షన్లు రాశాడు. నాలుగైదు నెలలకల్లా పొట్ట కరిగింది, గురక వినిపించడం మానేసింది. "మా ఆయనకు గురక పోయింది" అని ఊర్మిళ కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

"సంతోషమే. కానీ మళ్ళీ నిద్ర పరీక్ష చేసేదాకా మిషన్ మానొద్దు" అన్నాడు డాక్టరు. ఊర్మిళ ఆ మాట విన్నది. విని కూడా, రాంగోపాల్‌పేట్ నుంచి తమ్ముడు ఓంప్రకాశ్ వచ్చి, "నా గురకకు మీ మరదలు వేరే గదిలో పండుకుంటున్నదక్కా. బావకు ఇప్పుడు అక్కర లేదు కదా" అనగానే ఆ మిషన్‌ను పాత చీరలో చుట్టి చేతిలో పెట్టింది. మిక్సీ, పెద్ద కుక్కరు, చాపలు అన్నీ ఆ రెండిళ్ళ మధ్య అలాగే తిరుగుతుంటాయి. డాక్టరిచ్చిన మిషన్ కూడా ఇంటి సామానే అనుకుంది పిచ్చిది.

కానీ కొన్నాళ్ళుగా పక్కమీద ఆమెకు గుండె ఝల్లుమంటోంది. గురక లేదు, నిజమే. ఉన్నట్టుండి ఊపిరే ఉండదు. తర్వాత నీళ్ళలోంచి లేచినట్టు ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి పీలుస్తాడు. మిషన్ అడుగుదామంటే మరదలి నోరు గుర్తొస్తుంది. ఓసారి కుక్కరు వాపసు అడిగినందుకే, "వదిన ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటది" అని చుట్టాలందరిలో అన్నది. తెల్లారితే ఆయన మామూలుగానే లేస్తాడు కదా అని ఊర్మిళ మాట మింగేసింది.

ఆ పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ వేణుమాధవ్ కళ్ళు మూతపడ్డాయి. కప్పు వాలి చొక్కా తడిసింది.

"ఏందయ్యా, నిద్ర చాలలేదా?" అన్నది ఊర్మిళ.

"ఎండలు గదా" అంటూ చొక్కా మార్చుకుని, తాను నడిపే స్కూలు వ్యాను తాళాలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

గంట తిరక్కముందే ఫోనొచ్చింది. మారేడ్‌పల్లి దారిలో వ్యాను డివైడరెక్కింది. పిల్లలంతా బతికి బయటపడ్డారు. ముందు సీట్లో కూర్చున్న కామాక్షి అనే పాపకు మాత్రం ఎడమ చెయ్యి విరిగింది.

వేణుమాధవ్ నుదుటి మీద కట్టుతో ఇంటికొచ్చాడు. అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట. "కుక్క అడ్డమొచ్చింది. తప్పించబోయిన." అందరూ నమ్మారు. నాలుగేళ్ళుగా ఒక్క పిల్లను కూడా ఆలస్యంగా దింపని మనిషి మాట ఎవరు కాదంటారు? నాలుగో రోజు కామాక్షి తల్లి నాగజ్యోతి తనే ఫోన్ చేసి, "మీరేం బాధపడకండి అంకుల్. కట్టు ఉన్నా సోమవారం నుంచి పాపను పంపిస్తాను. వేరేవాళ్ళ వ్యానంటే నాకు నమ్మకం లేదు" అన్నది.

ఆ మాట విని వేణుమాధవ్ ముఖం తెల్లబోయింది. ఊర్మిళ అది చూసింది.

పుష్పమ్మ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఇంజెక్షన్ల డబ్బా బయటికి లాగింది. "తిండి లేక నా కొడుకు కండ్లు తిరిగినయ్. ఈ పాడు సూదులు ఇయ్యాల చెత్తల పడాల్సిందే."

"అత్తమ్మా, అవి లోపల పెట్టు. వాటి తప్పేం లేదు" అన్నది ఊర్మిళ. భర్త వైపు తిరిగింది. "నిజం చెప్పు. కుక్క వచ్చిందా?"

"వచ్చింది."

"నా మీద ఒట్టేసి చెప్పు."

వేణుమాధవ్ చెయ్యి లేవలేదు. "కండ్లు మూతపడ్డయ్. తెరిచేసరికి పోరి ఏడుస్తున్నది. అదొక్కరోజే కాదు ఊర్మిళా. ఇంతకుముందు సుత సిగ్నల్ దగ్గర రెండు మూడుసార్లు ఒరిగిన. వెనకాల హారన్ కొడితే లేచిన."

"ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? గురక పోయిందని నువ్వు ఊరంత చెప్పుకుంటివి. చెప్తే మిషన్ అడగాలె. మీ తమ్ముని ఇంట్ల నిన్ను మాటలంటరు."

ఊర్మిళ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. "నాకు సుత తెల్సయ్యా. నీ ఊపిరి ఆగుడు నేను విన్న. మరదలికి భయపడి నోరు మూసుకున్న. నా మర్యాద కోసం పిల్లల పానాల మీదికి తెచ్చిన."

పుష్పమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది.

ఊర్మిళ అప్పటికప్పుడు ఫోన్ తీసింది. మరదలే ఎత్తింది. "అనుకున్న, ఎప్పుడో ఒకనాడు అడుగుతవని" అని దెప్పినా ఊర్మిళ తగ్గక, "అవును, అడుగుతున్న. తమ్ముణ్ణి డాక్టరుకు చూపించి వేరే తీసుకోండి. మా మిషన్ ఇయ్యాల పంపు" అని పెట్టేసింది.

"ఇంకేం, మిషన్ వస్తది. మాస్కు పెట్టుకుంట, సూదులు వేసుకుంట, పరీక్ష సుత చేయించుకుంట" అన్నాడు వేణుమాధవ్. "సోమవారం కాకుంటే ఇంకో వారానికి బండి తీస్త."

"ఆ తల్లి నిన్ను నమ్మి బిడ్డను పంపుతానంటున్నది. ఆమెకు కుక్క అనే చెప్తవా?"

"నిజం చెప్తే ఒక్క పిల్లను ఎక్కించరు. ఏం తిని బతుకుదం ఊర్మిళా?"

"ఏదో ఒకటి తిందం. లే."

ఇద్దరూ కామాక్షి ఇంటికి వెళ్తే, నాగజ్యోతి ఆదరంగా లోపలికి పిలిచింది. కామాక్షి మెడకు కట్టిన పట్టీలో చెయ్యి పెట్టుకుని సోఫా చివర కూర్చుంది. ఎప్పుడూ అంకుల్ అంటూ ఎదురొచ్చే పిల్ల తల ఎత్తలేదు.

"కూర్చోండి అంకుల్. కాఫీ తెస్తాను" అన్నది నాగజ్యోతి.

"వద్దు మేడం." వేణుమాధవ్ నిలబడే ఉన్నాడు. "కుక్క రాలేదు. నేను నిద్రపోయిన. నాకు ఆ జబ్బుంది, దాచిపెట్టిన. నయమైందని డాక్టరు రాసిచ్చేదాక వ్యాను ముట్టను. నా వ్యానులో పిల్లను పంపకండి."

నాగజ్యోతి నుంచి కేకలు వస్తాయని ఊర్మిళ గుండె చిక్కబట్టుకుంది. రాలేదు. ఆమె నెమ్మదిగా కూతురి వైపు తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాప ఆ రోజే చెప్పిందండీ" అన్నది. "ఆసుపత్రి నుంచి రాగానే, అంకుల్ నిద్రపోయారమ్మా అన్నది. మీ గురించి అలా అంటుందా అని నేను నమ్మలేదు. పెద్దవాళ్ళ మీద అబద్ధాలు చెప్తావా అని చెంప మీద కొట్టాను. చెయ్యి విరిగిన పిల్లను కొట్టానండీ. అప్పటినుంచి అది నాతో సరిగ్గా మాట్లాడటం లేదు."

వేణుమాధవ్ కామాక్షి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పయింది బిడ్డా. నువ్వు చెప్పిందే నిజం. అబద్ధం నాది" అంటూ రెండు చేతులూ జోడించాడు. కామాక్షి అతని దగ్గరికి రాలేదు. తల్లి కొంగు పట్టుకుని, "నేను చెప్పాను కదమ్మా" అని మాత్రం అన్నది.

నాగజ్యోతి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని భోరుమన్నది. మరదలు ఏమంటుందోనని తాను మింగిన మాట ఈ పసిదాని చెంప మీద దెబ్బయి పడిందని ఊర్మిళకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల బుగ్గను తాకుదామని చెయ్యి చాపి, తాకే ధైర్యం లేక వెనక్కి తీసుకుని, భర్త పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చింది.