కిటికీ పక్క అర

"పెంచేదెవరు?" అని అడిగింది పిండశాల యంత్రం సూత్రి.

"తల్లి," అంది వకుళ. అర మీద పచ్చదీపం వెలిగింది. పక్క అరకి నడిచింది. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. పిండశాలలో పొద్దుటి షిఫ్టంటే ఇంతే. మంచులో నిద్రపోతున్న పిండాల్లో దేన్ని వెచ్చబెట్టి యంత్రగర్భానికి పంపాలో, దేన్ని పారేసి అర మూసెయ్యాలో తల్లి ఆయుష్షు లెక్కగట్టి సూత్రి చెబుతుంది. పచ్చదీపమైతే పంపాలి. ఎర్రదీపమైతే షిఫ్టు దిగేలోగా మూసెయ్యాలి. సూత్రికి జాలి లేదు, పోనీ కోపమూ లేదు. అలాంటిదానితో ఏమని పోట్లాడతాం?

రొమ్ము క్యాన్సరుకి మందు ఎక్కించుకోవడం మొదలెట్టకముందే వకుళ, మొగుడు సన్యాసిరావు తమ పిండాన్ని ఇక్కడే, కిటికీ పక్క అరలో దాచారు. మందు ఒంట్లోకి వెళ్ళాక ఇక ఆ ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. జుట్టు పోయింది, గోళ్ళు నల్లబడ్డాయి. అయినా రోజూ పనిలోకొచ్చి, కిటికీ పక్క అర దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేది.

ఇవాళ ఆ అర మీద ఎర్రదీపం వెలిగింది.

వకుళ అర తలుపు మీద చెయ్యి వేసింది. మొన్నటి స్కానులో కొత్త మచ్చ కనబడింది. ఆ కబురు సూత్రికి అప్పుడే చేరిపోయిందన్నమాట.

మధ్యాహ్నం ఆడపడుచు నూకరత్నం చారన్నం తెచ్చింది. ఏం తిన్నా నోట్లో ఇనుము నమిలినట్టుంటే చారొక్కటే సయిస్తోంది మరి. వకుళ సంగతంతా చెప్పింది. నువ్వు దక్కితే చాలు, పిల్లల మాట మానేద్దామని సన్యాసిరావు అన్నాడనీ, ప్రేమతోనే అన్నా తనకి ఒళ్ళు మండిందనీ చెప్పింది.

"నాకు బిడ్డ కావాలి రత్నం. ఎన్నాళ్ళుంటానో తెలీకపోయినా కావాలి. స్వార్థమంటావా?"

నూకరత్నం గిన్నె మూత పెట్టింది.

"నాకేటి తెలుసు వదినా. నీకు ఓపిక లేనప్పుడు బిడ్డ నా ఒళ్ళో పడుకుంటాది. అన్నయ్య నీళ్ళు పోస్తాడు, సగం నేల మీదే అనుకో. మనిళ్ళలో పిల్లల్ని ఒక్క మనిషే పెంచిందెప్పుడు?"

వకుళ సన్యాసిరావుకి ఫోన్ చేసి, ముగ్గురం కలిసి పెంచుదామా అని అడిగింది. పిల్లలొద్దన్న మనిషే, సూత్రికి తన పేరూ చెప్పమన్నాడు.

కిటికీ పక్క అర ముందు నిలబడింది. సూత్రి అడిగింది.

"నేను, సన్యాసిరావు, నూకరత్నం," అంది వకుళ.

ఇన్నేళ్ళలో సూత్రి విన్న జవాబు ఒక్కటే. తల్లి ఎవరని అడిగింది.

"నేనే. పెంచేది మాత్రం ముగ్గురం. ముగ్గురి ఆయుష్షూ లెక్కగట్టు."

కూడదని ఏ నియమంలోనూ లేదు. అలా చెప్పినవాళ్ళే లేరు. ఎర్రదీపం ఆరింది. కాసేపు చీకటిగానే ఉండి, పచ్చగా వెలిగింది. వకుళ చల్లటి తలుపుకి నుదురు ఆనించి తనివితీరా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని పక్క అరకి వెళ్ళింది. అక్కడా పొద్దుటి ఎర్రదీపమే, అనకాపల్లి ఆవిడెవరిదో.

"పెంచేదెవరు?"

అలవాటైన జవాబు నాలుక మీదికి వచ్చేసింది. వకుళ దాన్ని మింగేసింది.

"ఆగు. వాళ్ళింట్లో ఎవరెవరున్నారో కనుక్కుని చెబుతాను."

ఆగమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. వరసలో ఉన్న ఎర్రదీపాలన్నీ మిణుకుమిణుకుమంటుంటే, వకుళ ఫోన్ తీసింది.