గుమ్మం దాటని అడుగు

పొద్దున్నే కాఫీ కలుపుతోంది గానీ ఆవిడ ధ్యాస కాఫీ మీద లేదు. పడగ్గదిలో చెప్పుల చప్పుడు ఎప్పుడు మొదలవుతుందా, మొదలయ్యాక ఎక్కడ ఆగుతుందా అని చెవులు అటే ఉన్నాయి. చప్పుడు ఆగితే రెండే అర్థాలు. ఆయన కుర్చీలో కూర్చుని ఉండాలి, లేదా గుమ్మం దగ్గర ఇరుక్కుని ఉండాలి. మొదటిదే అయి ఉంటుందని అనుకునే అలవాటు ఆవిడకు పోయి చాలా కాలమైంది.

ఆయన ఉద్యోగమంతా సిటీ బస్సు స్టీరింగు ముందే గడిచింది. వీధిలో ఇప్పటికీ డ్రైవరు గారనే పిలుస్తారు. రిటైరైన కొత్తలోనే వణుకుడు జబ్బు పట్టుకుంది. ముందు కుడి చెయ్యి వణికింది. తర్వాత గొంతు సన్నబడింది. ఇప్పుడు కాళ్ళు మొరాయిస్తున్నాయి. హాల్లో బాగానే నడుస్తాడు. గుమ్మం కనపడగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఒళ్ళు పోదామంటుంది, కాళ్ళు ససేమిరా అంటాయి. ఇంజను ఆడుతోంది, గేరు పడటం లేదని ఆయన నవ్వుతాడు. ఆవిడకు నవ్వు రాదు. ఇప్పటికే మూడుసార్లు పడ్డాడు. ఒకసారి నుదుటి మీద కుట్లు కూడా పడ్డాయి.

అందుకని ఇంటి రూపమే మార్చేసింది. తివాచీలు అటకెక్కాయి. టీపాయ్ పక్కింటికి పోయింది. బల్లల మూలలకు పాత తువ్వాళ్ళు చుట్టింది. కాఫీ కప్పు ఆయన చేతికివ్వదు, తనే తాగిస్తుంది. చొక్కా గుండీలు తనే పెడుతుంది. మంచినీళ్ళకు లేస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, కూర్చోండి, నేను లేనా అంటుంది. ఒక్క ఊపిరి పీల్చడమే ఆయనకు వదిలేసిందని కూతురు వెక్కిరించేది. పోలీసమ్మ అని పేరు కూడా పెట్టింది. ఆవిడ ఆ పేరును మెచ్చుకోలుగానే తీసుకుంది.

కూతురు రెండు వీధుల అవతల ఉంటుంది, కళ్ళద్దాల షాపులో పని. బుధవారం, శనివారం పొద్దున వచ్చి నాన్నను ఆరోగ్య కేంద్రానికి వ్యాయామానికని తీసుకెళుతుంది. ఆ గంటన్నరా తల్లికి నరకమే. ఫోను చేతిలో పెట్టుకుని వరండాలో పచార్లు చేస్తుంది. తనూ వస్తానంటే, నువ్వొచ్చి ఏం చేస్తావు, కాస్త నడుం వాల్చు అని తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే మాట అంటారు. ఇద్దరూ ఏనాడూ ఒక మాట మీద ఉండరు, ఈ ఒక్కదాని మీదే ఎందుకున్నారో ఆవిడకు అనుమానం రావలసింది. కంగారులో ఉన్నవాళ్ళకు అనుమానానికి తీరికెక్కడిది?

ఆ బుధవారం వాళ్ళు వెళ్ళాక చూస్తే, పదింటికి వేసుకోవలసిన మాత్ర బల్ల మీదే ఉంది. ఆ మాత్ర వేళకు పడకపోతే ఆయన కొయ్యబారిపోతాడు. కూతురికి ఫోను చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అప్పుడూ ఎత్తలేదు. మాత్ర చీర కొంగున ముడేసుకుని, తలుపుకు తాళం వేసిందో లేదో కూడా చూసుకోకుండా ఆటో ఎక్కింది. దారి పొడుగునా కళ్ళ ముందు ఒకటే దృశ్యం. ఆయన నేల మీద ఉన్నాడు, చుట్టూ జనం.

ఆరోగ్య కేంద్రంలో వ్యాయామం గది ఎక్కడని అడిగితే, డాన్సు క్లాసా అమ్మా, ఆ చివర హాలు అన్నాడు చీటీలు రాసే ఆయన. డాన్సు కాదు బాబూ, వణుకుడు జబ్బు వాళ్ళది అంది. అదేనమ్మా అన్నాడు.

తలుపుకున్న అద్దంలోంచి చూసింది. పన్నెండు పదమూడు మంది పెద్దవాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఒకరి తల ఊగుతోంది, ఒకరి గడ్డం వణుకుతోంది. మూల కూర్చున్న అబ్బాయి డోలక్ వాయిస్తున్నాడు. గోడ వార కూతురు చప్పట్లతో తాళం వేస్తోంది, ఫోను సంచిలో ఎక్కడో ఉన్నట్టుంది. మధ్యలో జడ ముడి చుట్టుకున్న పడుచుపిల్ల ఏదో పాడుతూ చేతులు చాస్తోంది. ఆ వరసలో తన మొగుడు. తెల్లజుట్టు ముసలావిడ ఎవరో రెండు చేతులూ పట్టుకుని ఉంటే, ఎడమకు ఒక అడుగు, కుడికి ఒక అడుగు వేస్తున్నాడు. తప్పు కాలు వేసి పకపకా నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఎంతకాలమైందో ఆవిడకు గుర్తు రాలేదు. సంతోషించవలసిన మాటే. కానీ ఆవిడకు ముందు కోపం వచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. ఆ ముసలావిడే నిలబడలేక ఊగుతోంది, ఆవిడ ఈయన్నేం పట్టుకుంటుంది?

తలుపు తోసి, "ఏమండీ" అంది.

డోలక్ ఆగింది. ఆయన తలెత్తి చూశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ముఖం పాలిపోయింది. గబగబా భార్య వైపు వచ్చాడు, వచ్చి తలుపు దగ్గర టక్కున ఆగిపోయాడు. పాదాలు అతుక్కుపోయాయి. ఒళ్ళు ముందుకు వంగింది. ఆవిడ గుండె చిక్కబట్టుకుని ఒక్క అంగలో వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది, రండి రండి అంటూ లాగింది. లాగొద్దమ్మా అని ఎవరో అన్నారు. అప్పటికే ఆలస్యమైంది. ఆయన చెట్టు కూలినట్టు ముందుకు పడ్డాడు.

డాన్సు టీచరు పరుగెత్తుకొచ్చి భుజం అడ్డుపెట్టబట్టి తల నేలకు తగల్లేదు. మోచెయ్యి గీరుకుపోయింది, మోకాలు కమిలింది. నర్సు వచ్చి కట్టు కడుతుంటే ఆవిడ వణికిపోయింది. ఆయన కంటే ఎక్కువే వణికింది. కట్టు పూర్తయ్యాక టీచరు పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"మీరేనా అమ్మా? ఇంట్లోవాళ్ళు కూడా రావాలని ఎన్నిసార్లు కబురు పెట్టానో. మీకు తీరిక ఉండదని చెప్పారు."

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన కట్టు వంక చూసుకున్నాడు.

ముగ్గురూ ఆటోలో ఇంటికొచ్చారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంగారులో అంతదాకా మరిచిపోయిన కొంగు ముడి విప్పి మాత్ర వేసి, అప్పుడు మొదలుపెట్టింది. ఇన్ని నెలలు తనను ఇంట్లో కూర్చోబెట్టి నాటకమాడారంది. ఎముక విరిగుంటే ఎవరు మోసేవారంది. ఈ వయసులో ఈ గంతులేమిటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారంది. కూతురు చాలాసేపు ఓపిక పట్టింది. అది గంతులు కాదు, డాక్టరే రాసిచ్చిందని చెప్పింది. తాళం వింటూ అడుగు వేస్తే మొరాయించిన కాలు కదులుతుందని, పదిమందితో కలిసి నవ్విన రోజు నాన్న హాయిగా నిద్రపోతున్నాడని చెప్పింది. నీతో చెబితే ఒంటికాలి మీద లేస్తావనే చెప్పలేదంది. ఇవేవీ తల్లి చెవికెక్కలేదు.

"ఇకమీదట ఈయన గడప దాటరు. క్లాసూ లేదు, పాటా లేదు. నా కళ్ళ ముందుంటే చాలు, నేను చూసుకుంటాను."

"ఏం చూసుకున్నావు? నాన్న పడ్డ ప్రతిసారీ నీ చెయ్యే పట్టుకుని ఉన్నాడు. అది ఎప్పుడైనా చూశావా?"

అనేశాక కూతురు నాలుక కరుచుకుంది. నోరు జారిన మాట వెనక్కి తీసుకోవడానికి అమ్మా అంటూ దగ్గరికొచ్చింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూరలు తరగాలని కత్తిపీట ముందు కూర్చుంది.  అబద్ధం, అనుకుంది. కోపంలో పిల్ల ఏదో అంది. తను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేదోనని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ తనే కదా చెప్పింది. డాక్టరుకు కూడా అలాగే చెప్పింది. అయినా మనసు ఊరుకోలేదు.

స్నానాలగది దగ్గర పడినప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆయన గడప దగ్గర ఆగిపోయాడు. త్వరగా రండి అని తను చెయ్యి పట్టుకుని లాగింది. నుదుటి మీద కుట్లు అప్పటివే. గేటు దగ్గర పడినప్పుడు ఆటోవాడు హారను కొడుతూ విసుక్కుంటున్నాడు. అప్పుడూ తనే లాగింది. ఆస్పత్రి లిఫ్టు దగ్గర తలుపులు మూసుకుపోతాయేమోనని భయపడి, ఒక్క గుంజు గుంజింది. తను పట్టుకోకుండా ఒక్కసారైనా పడ్డాడా అని వెతుక్కుంది. దొరకలేదు. ఎక్కడ చూసినా తన చెయ్యే కనిపించింది.

ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడు బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి మీదా నమ్మకం లేక, ఈగ వాలనివ్వకుండా చూసుకుంది ఆయన్ని. ఎవరి నుంచి కాపాడుకోవాలో అది మాత్రం తెలుసుకోలేకపోయింది.

ఎంతసేపైందో, తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. కూతురిని రావద్దని సైగ చేసి ఒక్కడే వచ్చినట్టున్నాడు, ఆ పిల్ల హాల్లో కుర్చీ పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. పాదాలు రెండూ అతుక్కుపోయి, మడమలు సన్నగా అదురుతున్నాయి. ఒళ్ళు ముందుకు వాలుతోంది.

ఆవిడ దిగ్గున లేచింది. చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. సగం దాకా వెళ్ళి ఆగాయి. పట్టుకుంటే పడతాడు, పట్టుకోకపోతే పడతాడు. 

"నేనే పడేశానా మిమ్మల్ని?" అంది.

ఆయన చూపు సగంలో ఆగిన ఆవిడ చేతుల మీదే ఉంది.

"మీకు తెలుసా?"

"క్లాసులో మొదట్లోనే చెప్పారు. ఆగిపోయినప్పుడు లాగకూడదని." సన్నబడిన ఆ గొంతు వినడానికి ఆవిడ ఊపిరి బిగబట్టవలసి వచ్చింది. "ఇంట్లోవాళ్ళను తీసుకురండి, నేర్పిస్తాం అన్నారు. నేనే నీకు తీరిక లేదన్నాను."

"ఎందుకండీ? ఒక్క మాట చెప్తే నేను మారనా?"

"మారతావనే. లాగితే పడతానని తెలిస్తే, భయపడి అసలు చెయ్యే పట్టుకోవు నువ్వు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నువ్వు పట్టుకుంటావు కదా అనే లేస్తున్నాను."

ఆవిడ ఆయన నుదుటి మీద కుట్ల మచ్చ చూస్తూ నిలబడిపోయింది. ఆ మచ్చ వేసిన చెయ్యి తనను వదిలేస్తుందేమోనని దిగులు పడి, ఈ మనిషి పడుతూ లేస్తూ నెలలు గడిపాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకు.

"ఏం చెయ్యాలో చెప్పండి" అంది చివరికి.

ఎదురుగా కాదు, పక్కకు రమ్మన్నాడు. వచ్చి నిలబడింది. చెయ్యి పట్టుకో, ఊరికే పట్టుకో అన్నాడు. పట్టుకుంది. వాన చినుకు పట్టుకున్నంత మెత్తగా పట్టుకుంది. ముందుకు పోదామనుకోవద్దు, అక్కడే నిలబడి ఎడమకూ కుడికీ ఊగాలి అన్నాడు. ఊగింది. ఇద్దరి భుజాలూ గుమ్మానికి తగిలాయి. ఇప్పుడు నోటితో తాళం ఉండాలి, ఏదైనా పాట అనుకో అన్నాడు.

"నాకు పాటలెక్కడొచ్చు" అంది ఏడుపు గొంతుతోనే.

"ఏదో ఒకటి. వరసగా అను."

ఆవిడ బుర్రలో ఒక్క పాటా లేదు. ఎదురుగా కత్తిపీట పక్కన కూరల బుట్ట కనబడింది. ఇంక వేరే దారి లేక అందుకుంది. "వంకాయ" అని ఎడమకు ఊగింది. "బెండకాయ" అని కుడికి ఊగింది. దోసకాయ, సొరకాయ, వంకాయ, బెండకాయ. మొదట గొంతు వణికింది. తర్వాత మెల్లగా లయ కుదిరింది. ఆయన ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారడం ఆవిడ అరచేతికి తెలుస్తోంది. లాగాలని వేళ్ళు ఎంత తహతహలాడాయో ఆవిడకే తెలుసు. బిగించలేదు. వంకాయ, బెండకాయ. హాల్లో కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో ఏడుపో పిల్లకు కూడా తెలిసినట్టు లేదు.

మళ్ళీ దోసకాయ దగ్గరికొచ్చేసరికి ఆయన ఎడమ పాదం నేల విడిచింది. గాల్లో ఒక క్షణం తటపటాయించి గడప ఇవతల పడింది. దాని వెనకే రెండోది వచ్చింది.

ఆయన వంటింట్లో నిలబడ్డాడు. తాళం ఆపడం మరిచిపోయి ఆవిడ ఇంకా ఊగుతూనే ఉంది.

"వదలనులెండి" అంది కాసేపటికి. "లాగను కూడా."

ఆయన తలూపాడు. కాసేపు ఇద్దరూ అలాగే పొయ్యి ముందు చేతులు పట్టుకుని నిలబడ్డారు. కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుని, నన్ను క్షమించమ్మా అంది. తల్లి అటు తిరగకుండానే రెండో చెయ్యి చాచి పిల్లను దగ్గరికి తీసుకుంది. తర్వాత ముక్కు చీదుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, శనివారం క్లాసు ఎన్నింటికి మొదలవుతుందని అడిగింది.